సముద్రపు దొరకి కత్తెందుకు?

ఒకాయామాలోని హయాషిబారా ఆర్ట్ మ్యూజియం దగ్గర ఒక బాకు ఉంది. అలుగు పొడవు పాతిక సెంటీమీటర్లకి కాస్త తక్కువ, అంటే మన వంటింట్లో కూరగాయలు తరిగే పెద్ద చాకు అంత. చేసినవాడి సంతకం దాని మీద లేదు. అయినా అది జపాన్ జాతీయ సంపద, ఎందుకంటే చేసింది మసమునె అని కత్తుల నిపుణులు ఎప్పుడో తేల్చేశారు. మసమునె అంటే 1300 ప్రాంతంలో కమకురాలో కొలిమి పెట్టుకుని బతికిన కమ్మరి. జపాన్ కత్తుల గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా ఎక్కడో ఒక చోట వినే పేరు. ఈ బాకుని మాత్రం ‘కుకి మసమునె’ అంటారు. కుకి అనేది ఇంటిపేరు. తోబా కోట దొర కుకి మొరితాకా దగ్గర ఒకప్పుడు ఇది ఉండేది కాబట్టి ఆ పేరు పడింది. తర్వాత షోగున్‌లుగా, అంటే సేనాధిపతుల పేరుతో జపాన్‌ని ఏలిన తొకుగవా వంశం చేతికి వెళ్లిపోయింది. కుకి వాళ్లకి మిగిలింది లేబుల్ మీద ఇంటిపేరు.

ఈ మొరితాకా తండ్రి కుకి యోషితాకా. ముక్కలైన జపాన్‌ని ఒకరి తర్వాత ఒకరు తమ చేతికిందికి తెచ్చుకోవాలని యుద్ధాలు చేసిన నొబునాగాకి, తర్వాత హిదేయోషికి నౌకాదళం నడిపినవాడు. 1542లో పుట్టి 1600లో పోయాడు. నా గొడవంతా ఇతని గురించే. ఇతని గురించి ఆన్‌లైన్‌లో చదవడం మొదలుపెడితే నాలుగో పేజీకల్లా కత్తులు, శిరస్త్రాణాలు, ‘సమురాయ్ ఆత్మ’ అనే మాట వచ్చేస్తాయి. ఒక మనిషి ముప్పై ఏళ్లు ఓడలు కట్టించి, ఓడల మీద యుద్ధాలు చేసి, ఓడల మీద వచ్చే సుంకంతో బతికితే, అతని జీవితాన్ని మనం మూడడుగుల ఇనుము చుట్టూ చుట్టేస్తున్నాం. కారణం పెద్ద రహస్యమేం కాదు. కొయ్య కుళ్లిపోతుంది, కత్తికి నూనె రాసి పెట్టెలో దాస్తారు కాబట్టి అది నిలుస్తుంది. నిలిచిన వస్తువు చుట్టూ కథ అల్లడం తేలిక. కానీ అలా అల్లిన కథలో యోషితాకా ఉండడు, వాడి స్థానంలో సినిమా సమురాయ్ ఎవడో ఉంటాడు.

మా బాబాయ్ కొడుకు ఒకడు నేను నాగోయాలో ఉద్యోగం చేస్తున్నప్పుడు, “అన్నా, వచ్చేటప్పుడు ఒక ఒరిజినల్ కటానా తీసుకురా” అని మెసేజ్ పెట్టాడు, ఏదో స్వీట్ బాక్స్ తెమ్మన్నట్టు. అసలైన పాత కత్తి ప్రతిదానికీ అక్కడి ప్రభుత్వ విద్యామండలి ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం ఉండాలని, దేశం దాటించాలంటే మళ్లీ వేరే అనుమతి కావాలని వాడికి చెప్పాను. “పోనీ డూప్లికేట్ దొరికితే చూడు” అన్నాడు. అంత తపన వాడికి ఎందుకుందో నాకు అర్థమవుతుంది. ఆ తపనలో వందో వంతు ఓడల మీద ఎవరికైనా ఉంటే బాగుండును అనేదే నా బాధ.

సరే, మనిషి దగ్గరికి వద్దాం.

షిమా అనేది ఇసె పుణ్యక్షేత్రం కిందుగా సముద్రంలోకి పొడుచుకొచ్చిన బుల్లి ప్రాంతం. వరి పండే నేల తక్కువ, లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రం ఎక్కువ. అక్కడ పదమూడు మంది చిన్న చిన్న దొరలు ఉండేవాళ్లని చెబుతారు, కుకి వాళ్లు అందులో ఒక ఇల్లు. భూమి మీద శిస్తు వసూలు చేసుకునేంత పొలం లేనప్పుడు దొర ఏం చేస్తాడు? తన గట్టు ముందు నుంచి పోయే ప్రతి సరుకు పడవనీ ఆపి డబ్బడుగుతాడు. ఇస్తే దారి చూపిస్తాడు, కాపలా కూడా ఇస్తాడు. ఇవ్వకపోతే దోచుకుంటాడు. రాజధానిలో కూచున్నవాళ్లు దీన్ని సముద్రపు దొంగతనం అన్నారు, షిమాలో ఉన్నవాళ్లు తమ హక్కు అన్నారు. ఇద్దరు చెప్పిందీ నిజమే అని నాకనిపిస్తుంది. యోషితాకా పుట్టి పెరిగింది ఈ లెక్కలో. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

1560 ప్రాంతంలో మిగతా షిమా దొరలందరూ కలిసి, వెనక నుంచి ఇసె పాలకులైన కితబతాకె వాళ్ల అండతో, కుకి వాళ్ల తషిరో కోట మీద పడ్డారు. యోషితాకా అన్న పోయాడు. ఇతను అన్న కొడుకుని వెంటబెట్టుకుని అసమా కొండల్లోకి పారిపోయాడు. ఆ తర్వాత తకిగవా కజుమాసు అనే సేనాని ద్వారా నొబునాగా కొలువులో చేరాడు. నొబునాగాకి అప్పటికి గుర్రాలున్నాయి, తుపాకులున్నాయి, కానీ నీళ్ల మీద పట్టు లేదు. 1569లో నొబునాగా అదే కితబతాకె వాళ్ల మీద యుద్ధానికి వెళ్లినప్పుడు సముద్రం వైపు నుంచి దన్నుగా నిలిచింది యోషితాకా. తనని తరిమినవాళ్లని తరిమిన పెద్దమనిషికి నమ్మకస్తుడయ్యాడు, షిమా అతని చేతికొచ్చింది. కోపమూ లాభమూ ఒకే వైపు లాగితే మనిషి ఎంత వేగంగా పోతాడో చెప్పక్కర్లేదు.

1574లో నగషిమా. మూడు నదులు కలిసే చోట లంకల్లో గడి కట్టుకుని కూచున్న బౌద్ధ తిరుగుబాటుదారుల్ని నొబునాగా నేల మీద నుంచి పట్టుకోలేకపోయాడు, రెండు సార్లు దెబ్బ తిన్నాడు. మూడోసారి నీళ్లన్నీ ఓడలతో నింపాడు, అందులో యోషితాకా పెద్ద ఓడలున్నాయి. తిండి దారులు మూసేసి, చివరికి రెండు కోటల చుట్టూ కంచె కట్టి నిప్పు పెట్టారు. ఇరవై వేల మంది చనిపోయారని నొబునాగా వైపు వాళ్లే రాసుకున్నారు, అందులో ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు. ‘సముద్ర వీరుడు’ అని రాసేవాళ్లు ఈ ఒక్క ఊరిని మాత్రం గబగబా దాటేస్తారు. నేను దాటనివ్వను. కత్తి దూసి ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు వీరులు ఇక్కడెక్కడా లేరు. పడవలతో దారి మూసి, ఆకలితో మాడ్చి, కాల్చారు.

తర్వాత ఒసాకా. ఇప్పుడు ఒసాకా కోట ఉన్న చోట అప్పుడు ఇషియామా హొంగాంజి అనే బ్రహ్మాండమైన మఠం ఉండేది, గోడలూ కందకాలూ ఉన్న కోటలాంటి మఠం. 1570 నుంచి 1580 దాకా పదేళ్లు నొబునాగాకి కొరకరాని కొయ్యగా నిలబడింది. అతను చుట్టూ దారులు మూశాడు కానీ సముద్రం తెరిచే ఉంది. పడమటి నుంచి మోరి వంశం బియ్యం ఓడలు పంపేది, వాటికి తోడు సెతో సముద్రం అంతా తమదే అనుకునే మురకామి వాళ్ల దళం. 1576లో కిజు నది ముఖం దగ్గర నొబునాగా ఓడల్ని వాళ్లు తగలబెట్టేశారు. ఎలా అంటే, మందు కూరిన మట్టి కుండలు అంటించి విసరడం. కొయ్య ఓడ మీద పగిలిన నిప్పుకుండ ఏం చేస్తుందో మీరే ఊహించుకోండి. మఠానికి బియ్యం చేరింది.

దీనికి నొబునాగా ఇచ్చిన జవాబే యోషితాకాని చరిత్రలో నిలబెట్టింది. నిప్పంటని ఓడలు కట్టమన్నాడు. యోషితాకా ఆరు పెద్ద ఓడలు కట్టాడు, తకిగవా ఒకటి కట్టాడు. 1578 వేసవిలో అవి ఇసె వైపు నుంచి బయల్దేరి కీ ద్వీపకల్పం చుట్టి వస్తుంటే, దారిలో మఠం పక్షాన ఉన్న సైకా తుపాకీవాళ్లు చిన్న చిన్న పడవల్లో చుట్టుముట్టారు. దగ్గరికి రానిచ్చి ఫిరంగులు పేల్చి చెదరగొట్టాడు. సకాయ్ రేవులో నొబునాగా స్వయంగా వచ్చి ఓడల్ని చూసి బంగారం, వస్త్రాలు ఇచ్చాడు. ఆర్గాంటినో అనే జెసూట్ ఫాదర్ కూడా చూసి, జపాన్‌లో ఇంత పెద్ద ఓడలు ఉంటాయనుకోలేదని, పోర్చుగల్ ఓడల్లా ఉన్నాయని, ఒక్కోదాని మీద మూడు పెద్ద ఫిరంగులున్నాయని ఉత్తరం రాశాడు. నారాలో ఒక బౌద్ధ సన్యాసి తన దినచర్యలో ‘ఇనప ఓడలు’ అని, తుపాకీ గుండు దూరకుండా చేశారని, వెడల్పు ఏడు కెన్లు, పొడవు పన్నెండు పదమూడు కెన్లు అని రాశాడు. కెన్ అంటే రెండు మీటర్లకి కాస్త తక్కువ. అంటే పొడవులో సగానికి పైగా వెడల్పు! ఓడ అనేకంటే తేలే బురుజు అనడం నయం.

ఇనుము నిజంగా తొడిగారా లేదా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. సన్యాసి విన్నది రాశాడు, ఫాదర్ కళ్లారా చూశాడు, చూసిన ఫాదర్ ఇనుము మాటే ఎత్తలేదు. నా మటుకు నాకు ఈ తగువు అంత ముఖ్యం కాదు. కొంత రేకు కొట్టి ఉండొచ్చు, నిప్పుకుండ పగిలే చోట్ల కొట్టి ఉండొచ్చు. అసలు కిటుకు ఇంకోటి. ఆ నవంబరు, డిసెంబరు సంధిలో మోరి వాళ్ల ఆరు వందల పడవలు మళ్లీ వచ్చినప్పుడు యోషితాకా తొందరపడలేదు. బాగా దగ్గరికి వచ్చేదాకా ఆగి, సేనాపతి ఎక్కిన ఓడ ఏదో చూసుకుని, ఫిరంగులన్నీ దాని మీదకే తిప్పి పేల్చాడు. అది విరిగేసరికి మిగతావి వెనక్కి తిరిగాయి. పడమటి బియ్యం దారి తెగింది, రెండేళ్లకి మఠం లొంగింది. పదేళ్ల యుద్ధాన్ని మలుపు తిప్పిన ఆ రోజు ఎంతమంది కత్తులు దూశారో నాకు తెలియదు గానీ, ఫలితం మాత్రం కత్తి దూరానికి చేరకముందే తేలిపోయింది.

ఇక్కడ ఎవరైనా అడ్డం పడొచ్చు. ఓడలెక్కి చేసే యుద్ధంలో చివరికి ఒక ఓడ నుంచి ఇంకో ఓడలోకి దూకాలి కదా, అప్పుడు కత్తే కదా దిక్కు అని. నిజమే, ‘అతాకె’ అనే ఆ పెట్టెలాంటి యుద్ధనౌకకి పక్కన ఉండే కొయ్య గోడని కిందికి వాల్చితే అదే వంతెన అయ్యేది. దాని మీదుగా శత్రువు ఓడలోకి దూకేవాళ్లు. అయితే దానికి ముందు వరస ఉంది. మొదట బాణాలు, తుపాకులు, తర్వాత నిప్పుకుండలు, తర్వాత కొక్కేల కర్రలతో పడవని లాక్కోవడం, తర్వాత ఈటెలు. కత్తి ఆ తర్వాత. నేల మీద కూడా అంతే, ఆ కాలపు గాయాల జాబితాలు చూసినవాళ్లు బాణాలు, గుళ్లు, ఈటెలు, రాళ్లదే పైచేయి అని చెప్పారు. కత్తే సమురాయ్ ఆత్మ అనే మాట బాగా పాకింది యుద్ధాలు ఆగిపోయాక, ఎడో కాలంలో, అంటే తొకుగవా షోగున్‌ల పాలనలో. అప్పటికి నడుముకి రెండు కత్తులు పెట్టుకోవడం కులానికి గుర్తు, చాలామంది సమురాయ్‌లు గుమాస్తాలు. పని లేని ఆయుధానికే పూజ ఎక్కువ.

అంత మాత్రాన యోషితాకా కాలంలో కత్తికి విలువ లేదని కాదు, బోలెడంత ఉంది, కానీ అది డబ్బు విలువ, మర్యాద విలువ. దొర మెచ్చుకుంటే కత్తి ఇస్తాడు. లొంగినవాడు కత్తి సమర్పించుకుంటాడు. పంచడానికి భూమి చాలనప్పుడు పేరున్న కత్తి ఒకటి చేతిలో పెడితే అదో జాగీరంత గౌరవం. హోనమి అనే వంశం తరతరాలుగా కత్తుల్ని పరీక్షించి, ఇది ఫలానావాడిది, దీని ధర ఇంత బంగారం అని కాగితం రాసిచ్చేది. 1719 ప్రాంతంలో షోగున్ యోషిమునె అడిగితే పేరున్న కత్తులన్నిటికీ జాబితా కట్టిందీ వాళ్లే. ‘కుకి మసమునె’ అందులో ఉంది. చాలా కత్తులకి ఆ జాబితాలో పాత యజమాని ఇంటిపేరే పేరు. కత్తుల పిచ్చివాళ్లని నేను ఇంతసేపూ ఆడిపోసుకున్నాను గానీ వాళ్ల దగ్గర ఒక మంచి అలవాటుంది, ఎవరి నుంచి ఎవరికి ఎప్పుడు వెళ్లిందో పట్టుబట్టి తవ్వుతారు. ఆ చేతులు మారిన వరస చూస్తే అధికారం ఎటు పారుతోందో కనిపిస్తుంది. కుకి వాళ్ల చేతిలోంచి బాకు చివరికి తొకుగవా ఇంటికి చేరింది, పారే దిక్కు అదే కాబట్టి.

ఇప్పుడు 1588కి వద్దాం, నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన తేదీ. నొబునాగా 1582లో పోయాడు. యోషితాకా మొదట అతని కొడుకు వైపు ఉండి, 1584లో గాలి చూసుకుని హిదేయోషి వైపు దూకాడు. 1585 నాటికి షిమాకి అధికారిక దొర, 35,000 కొకు ఆదాయం. కొకు అంటే మనిషి ఏడాది తినే బియ్యం. మూడేళ్లు తిరిగాక, 1588లో వాళ్ల పంచాంగం ప్రకారం ఏడో నెల ఎనిమిదో తేదీన హిదేయోషి రెండు శాసనాలు ఇచ్చాడు, రెండూ ఒకే రోజు. మొదటిది ప్రసిద్ధం, రైతుల దగ్గరున్న కత్తులు, ఈటెలు, తుపాకులు అన్నీ లాక్కోమని. ఆ ఇనుము క్యోటోలో కట్టే మహాబుద్ధుడి గుడికి మేకులూ బందులూ చేస్తాం, మీకు పుణ్యం వస్తుంది అని బుజ్జగించాడు కూడా. రెండోది పెద్దగా ఎవరూ తలుచుకోరు, సముద్రం మీద దోపిడీ ఇక నేరం, ప్రతి తీరంలో పడవలవాళ్ల చేత, చేపలవాళ్ల చేత మేం అలా చెయ్యం అని ఒట్టు రాయించుకోండి అని.

ఈ రెండో కాగితం యోషితాకా బతుకుని కోసేసినంతగా ఏ కత్తీ కొయ్యలేదని నా వాదన. అతని తాతలు చేసిన పని, అతను పుట్టింటి నుంచి నేర్చుకున్న పని, ఆ రోజుతో నేరమైపోయింది. అతను అప్పటికే గట్టెక్కి దొర అయిపోయాడు కాబట్టి గేటుకి లోపలి వైపు ఉన్నాడు. బయట ఉండిపోయిన నోషిమా మురకామిలు, ఒకప్పుడు సెతో సముద్రానికి చక్రవర్తుల్లా బతికినవాళ్లు, తమ దీవులు వదిలి పోవాల్సి వచ్చింది. ఇద్దరిదీ ఒకటే వృత్తి. తేడా ఎవరు ఎవరి పక్షాన ముందు చేరారన్నదే.

1592లో హిదేయోషి కొరియా మీద దండెత్తాడు, చైనా దాకా పోదామని అతని ఆశ. యోషితాకా ఒక పెద్ద ఓడ కట్టించాడు, దాని మొదటి పేరు ‘ఓనియాదో’, హిదేయోషి చూసి ముచ్చటపడి ‘నిహోన్‌మారు’ అని పేరు మార్చాడు. ఇలాంటి ఓడల బొమ్మలు పుస్తకాల్లో గంభీరంగా ఉంటాయి, పై అంతస్తులో దొర, జెండాలు, పరదాలు. కింద ఎవరున్నారు? తీరంలో ఉన్న పల్లెలు నూరు ఇళ్లకి పదిమంది చొప్పున తెడ్లు వెయ్యడానికి మనుషుల్ని పంపాలని హిదేయోషి హుకుం. షిమా చేపలవాళ్లు కూడా అలా వెళ్లినవాళ్లే. యుద్ధంలో, అంతకంటే జబ్బులతో, ఎంతోమంది తిరిగి రాలేదు. వాళ్ల పేర్లతో ఏ వస్తువూ మిగల్లేదు, ఇక మ్యూజియం ఎక్కడిది.

అక్కడ వీళ్లకి ఎదురైనవాడు కొరియా నౌకాదళ సేనాని యి సున్‌సిన్. ఆగస్టులో హన్సాన్ దీవి దగ్గర వకిసకా యసుహారు దళం 73 ఓడలతో వెళితే 59 పోయాయి. వకిసకా మాత్రం గొప్పవాడే, 1583 షిజుగతాకె యుద్ధంలో ‘ఏడు ఈటెలు’ అని పేరు తెచ్చుకున్న ఏడుగురిలో ఒకడు. నేల మీద ఈటెతో గెలిచినవాణ్ణి నీళ్ల మీదకి పంపితే గెలుస్తాడని హిదేయోషి అనుకున్నాడు, అది తప్పని యి సున్‌సిన్ ఒక పూటలో తేల్చాడు. రెండు రోజుల తర్వాత అంగోల్పో రేవులో యోషితాకా, కతో యోషియాకి దొరికారు. అనుభవం ఉన్న యోషితాకా లోతు లేని నీళ్లలోంచి బయటికి రాలేదు, యి సున్‌సిన్ వంతులవారీగా ఓడల్ని పంపి రోజంతా ఫిరంగులతో కొట్టాడు. నిహోన్‌మారు దెబ్బలు తిని కూడా బయటపడింది, చాలా ఓడలు పోయాయి. ఈ వార్త విన్న హిదేయోషి ఇక సముద్రంలో ఎదురుపడి యుద్ధం వద్దు, తీరంలో కోటలు కట్టుకుని కాచుకోండి అన్నాడు.

యి సున్‌సిన్‌కి కూడా కత్తులున్నాయి, అసాన్‌లోని స్మారక మందిరంలో ఇప్పటికీ చూడొచ్చు. 1594లో చేయించిన జంట కత్తులు, ఒక్కోటి దాదాపు రెండు మీటర్లు, కొరియా 2023లో వాటిని జాతీయ సంపదగా ప్రకటించింది. కొండలూ నదులూ నెత్తురుతో తడుస్తాయి అని ఒక దాని మీద అతని మాట చెక్కి ఉంది. రెండు మీటర్ల కత్తిని ఓడ మీద తిప్పేవాడెవడూ ఉండడు. అతనా సంగతి మనకంటే బాగా తెలిసినవాడు. అవి ఒట్టు పెట్టుకోడానికి, గోడ మీద పెట్టుకుని రోజూ చూసుకోడానికి. యుద్ధానికి ఫిరంగులు, ఆటుపోట్ల లెక్క, ఓడల వరస ఉన్నాయి. చివరికి 1598లో నోర్యాంగ్ దగ్గర అతన్ని తీసుకుపోయింది కూడా తుపాకీ గుండే. సముద్ర సేనాని కత్తి అంటే ఏమిటో అతను తేల్చి చూపించినంత స్పష్టంగా జపాన్ వైపు ఎవరూ చూపించలేదు. యోషితాకా అభిమానులకి ఈ పోలిక నచ్చదు. ఒకడు దండెత్తి వచ్చినవాడు, ఇంకొకడు ఇల్లు కాపాడుకున్నవాడు, పోలిక అక్కడే ఆగుతుందని నేనూ ఒప్పుకుంటాను.

షిమా తీరంలోని తోబా కోటని యోషితాకా 1594లో కట్టాడు. నాగోయా నుంచి వెళ్లేవాళ్లందరూ ముత్యాల దీవి, అక్వేరియం చూసి వచ్చేస్తారు, మా స్నేహితులూ అదే ప్లాన్‌తో వచ్చారు. కోటలో మిగిలినవి రాతి గోడలే. కానీ ఆ గట్టు మీద నిలబడితే ఒక సంగతి వెంటనే తడుతుంది, ప్రధాన ద్వారం సముద్రం వైపు ఉండేది. ఊరికి వీపు పెట్టి నీళ్లకి మొహం పెట్టిన కోట! సముద్రం వైపు గోడలకి నలుపు, నేల వైపు తెలుపు వేశారట, తెల్లగా మెరిస్తే చేపలు బెదిరిపోతాయని. యుద్ధ తంత్రం గురించి కాకుండా చేపల గురించి ఆలోచించి కోటకి రంగేసిన దొర, నాకు ఇలాంటి వివరం ముందు ఏ మసమునె అయినా దిగదుడుపే. (మా వాళ్లు అప్పటికే ఐస్‌క్రీమ్ తింటూ నన్ను తిడుతున్నారు.)

1597లో కొడుకు మొరితాకాకి పీట అప్పగించి పక్కకి జరిగాడు. అలాగే ఉండిపోతే మంచం మీద పోయేవాడు. హిదేయోషి పోయాక, 1600లో అధికారం కోసం తొకుగవా ఇయెయాసు ఒక వైపు, ఇషిదా మిత్సునారి ఇంకో వైపు మోహరిస్తే, కొడుకు ఇయెయాసుతో తూర్పుకి వెళ్లాడు, తండ్రి మిత్సునారి వైపు చేరి, కొడుకు లేని సమయం చూసి తోబా కోటని పట్టుకున్నాడు. తండ్రీకొడుకులు చెరో వైపు ఉంటే ఎవరు గెలిచినా ఇల్లు నిలుస్తుందని లెక్క వేశారని చాలామంది రాస్తారు, సనదా వాళ్ల కథ అలాంటిదే కాబట్టి ఇక్కడా అతికిస్తారు. నాకు ఇంకో కారణం ఎక్కువ నమ్మబుద్ధి అవుతుంది. పక్క ఇలాకా దొర ఇనబా మిచితో కలప తోబా ముందు నుంచి సముద్రం మీద పోయేది, దానికి యోషితాకా సుంకం అడిగాడు, అతను ఇవ్వనన్నాడు. పంచాయితీ ఇయెయాసు దగ్గరికి వెళితే అతను ఇనబాకే సై అన్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, నలభై ఏళ్లుగా దొరగా, సేనానిగా ఎదిగినవాడు, లోపల మాత్రం నా గట్టు ముందు నుంచి పోతే నాకు డబ్బు కట్టాల్సిందే అనే షిమా పిల్లాడే. ఆ హక్కు లేదని చెప్పినవాడి మీద తిరగబడ్డాడు. కొంచెం చాదస్తం, కొంచెం పౌరుషం. నాకు మాత్రం ఇందులో మొదటి నుంచి చివరి దాకా ఒకే మనిషి కనిపిస్తాడు, అందుకే నమ్ముతాను.

అక్టోబరులో సెకిగహారాలో ఇయెయాసు గెలిచాడు. అదే పూట పక్షం మార్చినవాళ్లలో మన వకిసకా కూడా ఉన్నాడు, అతని వంశం మెయిజీ దాకా, అంటే 1868లో షోగున్‌ల పాలన పోయేదాకా హాయిగా ఉంది. యోషితాకా తోబా ఎదురుగా ఉన్న తోషి దీవికి పారిపోయాడు. కొడుకు ఇయెయాసు కాళ్లా వేళ్లా పడి తండ్రి ప్రాణానికి క్షమాభిక్ష సంపాదించాడు. కబురు బయల్దేరింది. ఈలోగా టొయోడా అనే కుకి వాళ్ల అనుచరుడు, ముసలాయన బతికి ఉంటే ఇల్లు మొత్తం మునుగుతుందని భయపడి, కడుపు కోసుకోమని యోషితాకాకి నచ్చజెప్పాడు. నవంబరులో ఆయన ఆ మాట విన్నాడు. క్షమాభిక్ష మోసుకొస్తున్నవాళ్లకి దారిలో ఆయన తలని మోసుకెళుతున్నవాళ్లు ఎదురయ్యారు.

ముప్పై ఏళ్ల సముద్ర జీవితంలో కత్తి ముందుకొచ్చిన చోటు ఇదొక్కటే, అది కూడా నేల మీద, ఎవరి మీదా గెలవడానికి కాదు, ఒక ఆస్తి దస్తావేజుని కాపాడటానికి. తోషి దీవిలో కొండ పైన, తోబా కనిపించే చోట తలకి ఒక సమాధి, కింద మొండేనికి ఇంకో సమాధి ఉన్నాయి. తోబా నుంచి ఊరి పడవలో అరగంట కూడా పట్టదు.

మొరితాకా మండిపడి టొయోడాని రంపంతో కోయించి చంపించాడు. ఆ శిక్షని తండ్రి మీద ప్రేమగా రాసే కథలు ఉన్నాయి. నాకు మాత్రం టొయోడా మీద కాస్త సానుభూతి ఉంది. ఓడిన వైపు పెద్దవాళ్లందరినీ ఇయెయాసు వదిలిపెట్టలేదు, మిత్సునారినీ కొనిషి యుకినాగానీ క్యోటో నది ఒడ్డున తల నరికించాడు. క్షమాభిక్ష వస్తుందని దీవిలో కూచున్న గుమాస్తా ఎలా ఊహిస్తాడు? అతను తనకి తెలిసిన లెక్క వేశాడు, ఆ లెక్క ఒక రకంగా సరిపోయింది కూడా, మొరితాకాకి ఇంకో 20,000 కొకు కలిపి 55,000 చేశారు.

అది నిలిచింది ఒక్క తరమే. మొరితాకా 1632లో పోతే కొడుకులు వారసత్వానికి కొట్టుకున్నారు, షోగున్ ప్రభుత్వం మరుసటి ఏడు ఇంటిని రెండు ముక్కలు చేసి ఒకణ్ణి సందాకి, ఇంకొకణ్ణి అయబెకి పంపింది. రెండూ కొండల మధ్య ఊళ్లు, రెండిట్లోనూ సముద్రం లేదు. తోబా వేరేవాళ్ల పరమైంది. నిహోన్‌మారు పేరు మార్చుకుని, మరమ్మతులు చేయించుకుంటూ తోబా రేవులోనే చాలా కాలం ఉండి, చివరికి విప్పేశారు. ఇప్పుడు దాన్ని చూడాలంటే నమూనా బొమ్మలే గతి. బాకు మాత్రం ఒకాయామాలో భద్రంగా ఉంది, ప్రదర్శనకి పెట్టినప్పుడు చూడొచ్చు. మా తమ్ముడికి ఫొటో పంపాను, “ఇంత చిన్నదా!” అన్నాడు.